స్విఫ్ట్ 40 మి.మీ. దించాక ముందు టైర్లు లోపల అరిగిపోతున్నాయి, ఏ పార్ట్ కొనాలి అన్నదానికి నా జవాబు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. 2014 స్విఫ్ట్, లోయరింగ్ స్ప్రింగ్స్ వేసి 40 మి.మీ. దించావు, 16 అంగుళాల అల్లాయ్స్ మీద 195/50 టైర్లు, 8 వేల కిలోమీటర్లకే ముందు రెండు టైర్లూ లోపలి అంచున తీగ కనబడేదాకా పోయాయి, వంద దాటితే బండి అటూ ఇటూ లాగుతోంది, అలైన్‌మెంట్ షాపువాడేమో ఈ బండికి క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) అడ్జస్ట్ అవ్వదు సార్ అని చేతులెత్తేశాడు. ఇప్పుడు క్యాంబర్ ప్లేట్లు, అడ్జస్టబుల్ లోయర్ ఆర్మ్స్, రోల్ సెంటర్ బాల్ జాయింట్లు అన్నీ కలిపి 60 వేలు పెట్టేద్దామా అని అడుగుతున్నావు.

ముందు జవాబు చెప్పేసి తర్వాత తీరిగ్గా ఎందుకో చెప్తా. ఆ 60 వేలు ఇప్పుడే పెట్టకు. నీ టైర్లని తిన్నది క్యాంబర్ అని నువ్వనుకుంటున్నావు గానీ నా లెక్కలో అసలు దొంగ టో (పై నించి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండడం), క్యాంబర్ వాడికి గోడ దూకడానికి భుజం ఇచ్చింది అంతే. టో సరిచేయడానికి కొత్త పార్ట్ ఏదీ అక్కర్లేదు, స్టాక్ (కంపెనీ నించి వచ్చిన) టై రాడ్ మీద, అంటే స్టీరింగ్ నించి చక్రాన్ని తిప్పే కడ్డీ మీద, లాక్ నట్ వదులుచేసి తిప్పితే చాలు.

నమ్మకం లేకపోతే చిన్న లెక్క చూడు. ఒక్కో చక్రం పావు డిగ్రీ బయటికి తిరిగి ఉందనుకో, అంటే నీ 16 అంగుళాల రిమ్ముకి ముందు అంచూ వెనక అంచూ కొలిస్తే 2 మి.మీ. తేడా కూడా రాదు, కంటికి అస్సలు ఆనదు. కానీ ఆ చక్రం ప్రతి కిలోమీటరుకీ 4.4 మీటర్లు పక్కకి ఈడ్చుకుంటూ పోతున్నట్టు. 8 వేల కిలోమీటర్లకి 35 కిలోమీటర్లు పక్కకి గీకింది అన్నమాట. గరుకు రోడ్డు మీద 35 కిలోమీటర్లు రబ్బరు గీకితే ఏం మిగులుద్ది చెప్పు. నెగటివ్ క్యాంబర్ ఉంది, అంటే చక్రం పైభాగం లోపలికి వాలింది, కాబట్టి బరువు ఎక్కువగా లోపలి అంచు మీదే ఉంటది, గీకుడంతా అక్కడే పడుద్ది, అందుకే చూసినవాళ్ళందరూ క్యాంబర్ క్యాంబర్ అంటారు. నా అనుభవంలో టో సున్నా దగ్గర పెట్టి, టైర్లు టైముకి మార్చి మార్చి వేసుకుంటే మైనస్ ఒకటిన్నర డిగ్రీ క్యాంబర్ ఉన్న రోడ్డు బళ్ళు కూడా టైర్ల విషయంలో పెద్దగా ఏడిపించలేదు.

టైరు మీదే సాక్ష్యం ఉంటది. పాత టైరు పారెయ్యకముందు అరచేతితో ట్రెడ్ మీద అడ్డంగా లోపల్నించి బయటికీ, బయట్నించి లోపలికీ నిమిరి చూడు. ఒక వైపు నున్నగా పోయి రెండో వైపు రంపం పళ్ళలా చేతికి తగిలితే అది టో. రెండు వైపులా నున్నగానే ఉండి ఒక అంచు ఏటవాలుగా చెక్కినట్టు ఉంటే అది క్యాంబర్. రెండూ కలిసి ఉండొచ్చు, నీది అలాగే ఉంటదని నా అనుమానం.

స్ప్రింగ్స్ మార్చినంత మాత్రాన టో ఎందుకు మారింది అంటావా. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నించి బండికి పట్టుకునే చెయ్యి) ఒక చోట నించి ఊగుతుంది, టై రాడ్ ఇంకో చోట నించి ఊగుతుంది, రెండిటి పొడుగూ ఒకటి కాదు. రెండు వేరే గుంజలకి వేరే పొడుగు తాళ్ళతో కట్టిన గేదెల్ని తెచ్చి ఒకే కాడికి కట్టినట్టు. కంపెనీవాడు స్టాక్ ఎత్తు దగ్గర అవి రెండూ గొడవపడకుండా చూసి పెడతాడు, నువ్వు 40 కిందికి దించేసరికి ఒకటి ఎక్కువ లాగుతుంది ఇంకోటి తక్కువ లాగుతుంది, చక్రం తిరిగిపోద్ది. ర్యాక్ (టై రాడ్లని కదిపే స్టీరింగ్ పెట్టె) యాక్సిల్‌కి వెనక ఉండే ఫ్రంట్ వీల్ డ్రైవ్ బళ్ళు దించినప్పుడు ఎక్కువగా టో అవుట్‌కే, అంటే చక్రాలు బయటికి తిరగడానికే, పోతాయి. టో అవుట్ ఉన్న బండి హైవే మీద తిన్నగా నిలబడదు, ఏ చక్రానికి బరువెక్కితే అది తన వైపు లాగుతుంది, నువ్వు వంద మీద అటూ ఇటూ లాగుతోంది అన్నది ఇదే అయ్యుండొచ్చు. స్ప్రింగ్స్ వేసిన రోజు అలైన్‌మెంట్ చేయించావా అన్నది నువ్వు రాయలేదు. చేయించినా కొత్త స్ప్రింగ్స్ వారం పది రోజుల్లో ఇంకొంచెం కూర్చుంటాయి కాబట్టి మళ్ళీ చూపించాలి.

ఇక క్యాంబర్ ఎంత మారి ఉంటది. మీ బండికీ మా బండికీ అందరికీ ముందు ఉన్నది మాక్‌ఫర్సన్ స్ట్రట్టే కదా (షాక్, స్ప్రింగ్ కలిసి ఒకే నిలువు కాలులా చక్రాన్ని పట్టేది, 1950లో బ్రిటన్‌లో ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లతో జనంలోకి వచ్చింది, డెబ్బై ఏళ్ళు దాటినా చిన్న కార్లలో దీన్ని కొట్టేది రాలేదు, చవక, జాగా తక్కువ). దాంట్లో ఉజ్జాయింపుగా లెక్కేద్దాం, ఆర్మ్ 350 మి.మీ., బాల్ జాయింట్ (ఆర్మ్ బయటి చివరి గుండు కీలు) నించి స్ట్రట్ పై మౌంట్‌కి నిలువుగా 600, స్ట్రట్ లైను 12 డిగ్రీలు లోపలికి వాలి ఉంది, ఆర్మ్ బయటి చివర 5 డిగ్రీలు కిందికి ఉంది అనుకుంటే, మొదటి 40 మి.మీ. దింపుడికి సుమారు 0.9 డిగ్రీ నెగటివ్ క్యాంబర్ వస్తుంది. ఆ తర్వాత గుంతలోనో మలుపులోనో ఇంకో 40 నొక్కుకుంటే 0.6 మాత్రమే వస్తుంది. అలా తగ్గుతూ తగ్గుతూ ఆర్మ్ స్ట్రట్‌కి లంబంగా వచ్చిన చోట ఆగిపోయి ఆ పైన రివర్స్‌లో పోద్ది. అంటే దించిన బండి నిలబడ్డప్పుడు క్యాంబర్ బానే కనబడుద్ది గానీ మలుపులో బాడీ వాలినప్పుడు కావాల్సిన క్యాంబర్ అప్పటికే ఖర్చైపోయి ఉంటది. ఈ ముక్క గుర్తుపెట్టుకో, రోల్ సెంటర్ దగ్గర మళ్ళీ కావాలి.

కాబట్టి స్టాక్‌లో సున్నాకి అటూ ఇటూ ఉండే నీ బండి ఇప్పుడు మైనస్ ఒకటి దగ్గర ఉండి ఉంటది. అది టైర్లని 8 వేలకి చంపే క్యాంబర్ కాదు. ఒకవేళ అలైన్‌మెంట్ ప్రింట్‌లో మైనస్ రెండున్నర అని వస్తే మాత్రం దించడం వల్ల కాదు, ఏదో వంగింది, గుంతలో పడి స్ట్రట్టో ఆర్మో నకలో (చక్రం హబ్బుని పట్టుకునే ఇనప ముక్క) కొట్టుకుంది అని అర్థం. ఎడమకీ కుడికీ అర డిగ్రీ పైన తేడా ఉన్నా అదే అనుమానం.

పార్ట్స్ గురించి మాట్లాడే ముందు ఉన్న పార్ట్స్ సంగతి చూడాలి, ఇక్కడే అందరూ బద్ధకిస్తారు. పదేళ్ళు దాటిన స్విఫ్ట్. లోయర్ ఆర్మ్ బుష్‌లు (ఆర్మ్‌ని బండికి పట్టే రబ్బరు కీళ్ళు), బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, లోపలి ర్యాక్ ఎండ్, స్ట్రట్ పై మౌంట్ బేరింగ్, వీటిలో ఏ ఒక్కటి లూజున్నా నువ్వు చేయించే అలైన్‌మెంట్ గాల్లో రాసిన లెక్కే. ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపు, ఆట వస్తే బాల్ జాయింటో వీల్ బేరింగో. ఎడమా కుడీ పట్టుకుని ఊపు, ఆట వస్తే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్. ఆర్మ్ వెనక బుష్ చేతికి దొరకదు, దానికి పొడుగు ప్రై బార్ పెట్టి నొక్కాలి, బ్రేక్ గట్టిగా కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగినా, లేదా డుప్ మని శబ్దం వచ్చినా మొదట దాన్నే అనుమానించు.

బుష్‌ల గురించి ఇంకో మాట, ఇది చాలామంది మెకానిక్‌లకే తెలీదు, తెలిసినా ఓపిక ఉండదు. స్టాక్ రబ్బరు బుష్‌లో లోపలి ఇనప గొట్టం రబ్బరుకి అతుక్కుని ఉంటది, అది బేరింగ్‌లా తిరగదు, రబ్బరు మెలి తిరిగి మళ్ళీ వెనక్కొస్తుంది. స్టాక్ ఎత్తులో బిగించిన బోల్టులు అలాగే ఉంచి బండిని 40 దించేస్తే ఆ రబ్బరు ఇరవై నాలుగ్గంటలూ మెలికపడే ఉంటది, నిలబడ్డప్పుడు కూడా. కొన్నాళ్ళకి చిరిగిపోద్ది, ఈలోగా స్ప్రింగ్‌లా పనిచేసి బండిని ఎత్తడానికి చూస్తుంది. అందుకని దించిన తర్వాత ఆర్మ్ బోల్టులు వదులు చేసి, బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డప్పుడు, అంటే గుంత మీదో నాలుగు పోస్టుల లిఫ్ట్ మీదో పెట్టి, ఆ ఎత్తులో టార్క్ రెంచ్‌తో బిగించాలి. మన గ్యారేజీల్లో జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా ఎయిర్ గన్‌తో గర్రుమని బిగించేస్తారు. కొత్త బుష్ వేసి ఏడాది తిరక్కుండానే పోయింది, డూప్లికేట్ ఇచ్చాడు అని షాపువాణ్ణి తిట్టుకునేవాళ్ళలో సగం మందికి జరిగింది ఇదే.

పాలీ బుష్‌లు (రబ్బరు బదులు గట్టి పాలీయురేథేన్‌వి) వేద్దామా అని తర్వాత అడుగుతావు తెలుసు. వేసుకో, వెనక బుష్ ఒక్కటీ వేసుకున్నా బ్రేకింగ్‌లో బండి గీత గీసినట్టు ఆగుతుంది. కానీ సిలికాన్ గ్రీజు ఎండిపోతే పాత మంచం లాగా కిర్రు కిర్రు మంటది, రోడ్డు గరుకంతా స్టీరింగ్‌లోకి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు అదే బండిలో తిరిగేట్టయితే కొత్త స్టాక్ రబ్బరే బెటర్.

ఇక క్యాంబర్ అడ్జస్ట్ అవ్వదు అన్న షాపువాడి మాట. వాడు అబద్ధం చెప్పలేదు, ఫ్యాక్టరీ నించి వచ్చినట్టుగా అయితే అవ్వదు. కానీ స్విఫ్ట్‌లో స్ట్రట్‌ని నకల్‌కి రెండు బోల్టులు పట్టుకుంటాయి, ఇది నీ అదృష్టం. వాటిలో ఒకదాని బదులు క్యాంబర్ బోల్ట్ వేస్తే, దాని మధ్యలో గుడ్డు ఆకారంలో ఉన్న లోబ్ తిరిగినప్పుడు నకల్ లోపలికో బయటికో వాలుతుంది. ఎటైనా సుమారు ఒకటిన్నర డిగ్రీ దాకా దొరుకుద్ది. వైట్‌లైన్, ఎస్పీసీ, ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటివాళ్ళందరూ చేస్తారు, నువ్వు చూసిన ఖరీదైన పార్ట్స్ అన్నిటికంటే చవక ఇదే, నీ అవసరానికి సరిపోయేదీ ఇదే. ఫోక్స్‌వ్యాగన్ పోలో వాళ్ళకి ఈ సుఖం లేదు, వాటిలో స్ట్రట్ గొట్టం నకల్‌లోకి దూరి క్లాంపుతో బిగుస్తుంది, అక్కడ క్యాంబర్ బోల్ట్ పనికిరాదు, సబ్‌ఫ్రేమ్ పక్కకి జరిపితే ఒక పక్క తగ్గి ఇంకో పక్క పెరుగుద్ది అంతే. పోలో ఫ్రెండ్ మాట విని బోల్టులు దండగ అనుకోకు.

కొనే ముందు నీ స్ట్రట్ బోల్ట్ వ్యాసం వెర్నియర్‌తో కొలిచి ఆ సైజుదే కొను, 12, 14, 16 అని రకాలుంటాయి. ఒక పక్కకి ఒకటే వెయ్యి. క్యాంబర్ బోల్ట్ మధ్యలో సన్నగా ఉంటది కాబట్టి స్టాక్ బోల్ట్ టార్క్ దానికి పనికిరాదు, ప్యాకెట్‌లో ఇచ్చిన టార్కే పెట్టాలి, ఎయిర్ గన్ పొరపాటున కూడా వద్దు. బిగించాక నట్టు మీదా స్ట్రట్ మీదా కలిపి పెయింట్‌తో ఒక గీత గియ్యి. రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాక ఆ గీత విరిగిందా అని చూడు, విరిగితే జారినట్టే. ఇంకోటి, నెగటివ్ పెంచే వైపు తిప్పితే టైరు పైభాగం స్ట్రట్ వైపుకి వస్తుంది, వెడల్పు టైర్లున్నాయి కాబట్టి స్ప్రింగ్ సీటుకి టైరుకి మధ్య వేలు దూరుతుందా లేదా చూసుకో. నీకు కావాల్సింది దాదాపు దీనికి ఉల్టా, నెగటివ్ ఒకటి దాటి ఉంటే కొంచెం తగ్గించి రెండు పక్కలా సమానం చేయడం. కానీ బయటికి తిప్పితే టైరు ఫెండర్ అంచుకి దగ్గరవుద్ది, నలుగురెక్కినప్పుడు గీకుతుందేమో అదీ చూడాలి.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. మన దగ్గర కొన్ని అలైన్‌మెంట్ షాపుల్లో హైడ్రాలిక్ జాకీ లాంటి పరికరం తగిలించి స్ట్రట్‌నో నకల్‌నో వంచి క్యాంబర్ కరెక్షన్ చేసేశాం సార్ అంటారు. స్క్రీన్ మీద పచ్చగా వస్తుంది, డబ్బులు తీసుకుంటారు. ఒకసారి వంచిన స్ట్రట్ గొట్టంలో పిస్టన్ రాడ్ ఒక పక్కకి ఒరుసుకుని ఆయిల్ సీలు పోద్ది, నకల్ వంచితే అయితే లోపల ఏ పగులు వచ్చిందో ఎవడికీ కనబడదు. స్ట్రట్ బోల్ట్ రంధ్రాన్ని రౌండ్ ఫైలుతో కోడిగుడ్డులా రాకేవాళ్ళు ఇంకో రకం. పెద్ద గుంతలో పడితే ఆ జాయింట్ జారిపోద్ది. దణ్ణం పెట్టి బయటికొచ్చెయ్.

క్యాంబర్ ప్లేట్లు మంచి పార్టే, కానీ నీ బండికి కాదు. అవి స్ట్రట్ పై చివరని లోపలికి జరుపుతాయి, 10 మి.మీ. జరిపితే దగ్గర దగ్గర ఒక డిగ్రీ, కొన్నిటిలో ముందూ వెనకా జరిపి క్యాస్టర్ (పక్క నించి చూస్తే స్ట్రట్ లైను వెనక్కి వాలిన కోణం) కూడా పెంచుకోవచ్చు. అయితే నీ దగ్గరున్నది స్టాక్ షాక్స్ మీద లోయరింగ్ స్ప్రింగ్, ఆ స్ప్రింగ్ లావుగా ఉంటది, పైచివర లోపలికి జరిపితే టవర్ గోడకి ఆనుతుంది. సన్నటి స్ప్రింగ్ ఉన్న కాయిలోవర్స్ (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగ్, షాక్ సెట్) ఉంటేనే ప్లేట్లకి అర్థం. పైగా స్టాక్ రబ్బరు మౌంట్ బదులు పిల్లో బాల్ (రబ్బరు లేని ఇనప గుండు కీలు) వస్తుంది, మొదట్లో నిశ్శబ్దంగానే ఉంటది, రెండు వానాకాలాలు దుమ్మూ నీళ్ళూ తాగాక టక్ టక్ మొదలవుద్ది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో చెన్నై దగ్గర ట్రాక్ మీదో ఏడాదికి నాలుగైదు సార్లు తిప్పుతా అంటే అప్పుడు ప్లేట్లు వేసుకో, అక్కడ మైనస్ మూడు దాకా వాడినా బయటి అంచు కాపాడుకున్నట్టే.

అడ్జస్టబుల్ లోయర్ ఆర్మ్స్ ఇంకా ఆలోచించి కొనాలి. ఆర్మ్ 10 మి.మీ. పొడుగు చేస్తే అదీ ఒక డిగ్రీ ఇస్తుంది, ట్రాక్ వెడల్పు (ఎడమ కుడి చక్రాల మధ్య దూరం) కూడా పెరుగుద్ది, చదవడానికి బాగుంటది. కానీ ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో హబ్బు బయటికి జరిగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ కూడా అంత బయటికి లాగబడుద్ది, టై రాడ్ కూడా అంత పొడుగు కావాలి, దానికి థ్రెడ్ మిగిలుందా లేదా చూడాలి. ఊరూపేరూ లేని వెల్డింగ్ ఆర్మ్స్ ఆన్‌లైన్‌లో బోలెడు. చక్రాన్ని బండికి పట్టుకుని ఉంచేదే ఆ ఆర్మ్, అది తెగితే బ్రేక్ కూడా నిన్ను కాపాడదు, కాబట్టి రంగు చూసి కొనే పార్ట్ కాదు.

ఇప్పుడు రోల్ సెంటర్. నీ లిస్టులో సాంకేతికంగా దించిన బండికి నిజంగా సంబంధమున్న పార్ట్ ఇదే, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా. మలుపులో బాడీ ఒక ఊహా బిందువు చుట్టూ వాలుతుంది, దాన్నే రోల్ సెంటర్ అంటారు. బండి బరువు కేంద్రానికీ ఆ బిందువుకీ మధ్య దూరం ఎంతుంటే వాలే బలానికి అంత పొడుగు మీట దొరికినట్టు. మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ఆర్మ్ ఏ కోణంలో ఉందన్నదాన్ని బట్టి ఆ బిందువు మారుద్ది. బండి 40 దించితే బరువు కేంద్రం 40 దిగుద్ది, రోల్ సెంటర్ మాత్రం అంతకంటే ఎక్కువ దిగిపోద్ది. అంటే మీట పొడుగైంది. దించితే బండి తక్కువ వాలుతుంది కదా అని అందరూ అనుకుంటారు, ఆ తగ్గింది గట్టి స్ప్రింగ్ పుణ్యం, జామెట్రీ పుణ్యం కాదు. అదే స్ప్రింగ్‌తో ఎత్తుగా ఉంచితే ఇంకా తక్కువ వాలొచ్చు కూడా.

దీనికి మందు పొడుగు పిన్ను ఉన్న బాల్ జాయింట్. ఆర్మ్ బయటి చివరని కిందికి దించి మళ్ళీ స్టాక్ కోణం దగ్గరకి తెస్తుంది. బండి ఎత్తు మారదు, స్ట్రట్ నకల్‌కే బిగించి ఉంటది కదా. క్యాంబర్ ఖర్చైపోయింది అన్నానే, అది కూడా కొంత వెనక్కొస్తుంది. ఇంత మంచిదైతే ఎందుకు వద్దంటున్నావు అంటావా, నా సొంత తప్పు చెప్తా విను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఫ్రెండ్ బండికి ఇలాంటివే తెప్పించి వేశా, పిన్ను 20 మి.మీ. పొడుగు. టై రాడ్ ఎండ్ జోలికి పోలేదు, తర్వాత చూద్దాంలే అనుకున్నా. అలైన్‌మెంట్ చేయించాం, స్క్రీన్ మీద అన్నీ పచ్చ. మెహదీపట్నం వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం, 11 కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్, ప్రతి ఎక్స్‌పాన్షన్ జాయింట్ దగ్గరా బండి తనంతట తనే పక్కకి ఒక్క గెంతు వేసేది, స్టీరింగ్ కదపకుండానే. ముందు వాడు భయపడ్డాడు, తర్వాత నేను డ్రైవ్ చేసి నేనూ భయపడ్డా. ఆర్మ్ కోణం మార్చాం, టై రాడ్ కోణం మార్చలేదు, ఇందాక చెప్పిన గేదెలు ఇప్పుడు పూర్తిగా వేరే దిక్కులకి లాగుతున్నాయి. దీన్నే బంప్ స్టీర్ అంటారు. దిగగానే పాతవి మళ్ళీ వేసేశా, ఆ బాల్ జాయింట్లు అటక మీద ఇప్పటికీ ఉన్నాయి.

కాబట్టి రోల్ సెంటర్ కిట్ అంటే బాల్ జాయింట్, దానికి జతగా అంతే దించిన టై రాడ్ ఎండ్, రెండూ కలిసి ఒకే కంపెనీ నించి నీ మోడల్‌కే చేసినవి అయ్యుండాలి. తైవాన్ హార్డ్‌రేస్ లాంటి వాళ్ళ కేటలాగ్‌లో ముందు నీ చాసిస్ కోడ్ వెతుకు, వేరే బండిది సరిపోద్ది అని ఎవడన్నా అంటే నమ్మకు. పొడుగు పిన్ను కిందికి దిగుద్ది కాబట్టి రిమ్ము లోపలి వైపు తగలకుండా ఉందా కూడా చూడాలి. దొరకలేదని నకల్ మీద టై రాడ్ ఎండ్ కూర్చునే సన్నబడే రంధ్రాన్ని (టేపర్) డ్రిల్ చేసి కింద నించి పైకి తిప్పి బిగించే ఐడియాలు చెప్తారు. టేపర్ పోయాక ఆ జాయింట్‌ని నట్టు ఒక్కటే పట్టుకుని ఉంటది, ఆ పని చేయకు.

నిజానికి నీ బండికి నేను మొదట సలహా ఇచ్చే అప్‌గ్రేడ్ ఏంటో తెలుసా, 15 మి.మీ. పైకి లేపడం. నవ్వకు. స్విఫ్ట్ స్టాక్ గ్రౌండ్ క్లియరెన్స్ 170. నువ్వు 40 దించావు, పైగా స్టాక్ 185/65 ఆర్15 టైరు వ్యాసం 621 మి.మీ. ఉంటే నీ 195/50 ఆర్16 ది 601, అంటే ఇంకో 10 కిందికి. (టైరు వల్ల దిగిన 10 ఆర్మ్ కోణాన్ని మార్చదు, అది వేరే లెక్క, కానీ నీ స్పీడోమీటర్ ఇప్పుడు మూడు శాతం ఎక్కువ చూపిస్తుంటది.) మొత్తం 120 మిగిలింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్ ఎత్తే 100 మి.మీ., 3.7 మీటర్ల వెడల్పుతో. మన వీధుల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకున్న వాటికి ఆ లెక్క కూడా లేదు. నలుగురెక్కితే ఏమవుద్దో నాకంటే నీకే బాగా తెలుసు. స్టాక్ షాక్స్‌లో దిగే ప్రయాణంలో 40 ముందే తినేశావు కాబట్టి నీ బండి సగం టైము బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా నొక్కుకోకుండా ఆపే రబ్బరు ముక్క) మీదే కూర్చుని ఉంటది, అది తగిలిన క్షణం స్ప్రింగ్ రాయిలా మారుద్ది, ఆ దెబ్బంతా బాల్ జాయింట్, మౌంట్ బేరింగ్, బుష్‌ల మీదే. 25 మి.మీ. స్ప్రింగ్స్ దొరికితే ఇవి అమ్మేసి అవి వేసుకో, చూడ్డానికి పెద్ద తేడా రాదు, రోల్ సెంటర్ బాధ కొంత తగ్గుద్ది, రూపాయి ఖర్చు కూడా చాలావరకు వెనక్కొస్తుంది.

నీ ప్లేసులో నేనుంటే ఇలా చేస్తా. ఈ వారమే ముందు టైర్లు రెండూ మార్చేస్తా, తీగ కనబడ్డ టైరుతో హైవే ఎక్కడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే, ఏటవాలుగా అరిగిన టైర్ల మీద అలైన్‌మెంట్ చేసినా బండి లాగుతూనే ఉంటది. తర్వాత ఆర్మ్ బుష్‌లూ బాల్ జాయింట్లూ చూసి, పోయినవి మార్చి, బోల్టులు నేల మీద ఎత్తులో బిగిస్తా. క్యాంబర్ బోల్టులు అదే రోజు వేయిస్తా, మళ్ళీ మళ్ళీ విప్పక్కర్లేకుండా. అప్పుడు మంచి త్రీడీ మెషిన్ ఉన్న షాపుకి పోయి, టైర్లలో గాలి సరిచూసి, పెట్రోల్ సగం ట్యాంకు, రోజూ నువ్వొక్కడివే తిరిగితే డ్రైవర్ సీట్లో నీ అంత బరువు పెట్టించి, పని మొదలుపెట్టకముందు ప్రింట్ ఒకటి అడుగుతా. ఇదివరకటి నెంబర్లు లేకుండా తర్వాతి నెంబర్లకి విలువ లేదు. ముందు క్యాంబర్, ఆఖర్న టో, ఈ వరస తప్పకూడదు, క్యాంబర్ కదిపినప్పుడల్లా టో కూడా కదులుద్ది. క్యాంబర్ రెండు పక్కలా మైనస్ ఒకటి దగ్గర, ఎడమా కుడీ తేడా పావు డిగ్రీ లోపు, టో సున్నా లేదా చూపించీ చూపించనంత ఇన్. టై రాడ్లు రెండు పక్కలా సమానంగా తిప్పమను, లేకపోతే స్టీరింగ్ వంకరగా నిలబడుద్ది. వెనక టోర్షన్ బీమ్‌కి (రెండు వెనక చక్రాల్ని కలిపే దూలం) అడ్జస్ట్‌మెంట్ ఏమీ ఉండదు, కానీ నెంబర్లు మాత్రం చూడు, వెనక బీమ్ వంకరగా ఉంటే ముందు ఎంత చేసినా బండి పీతలా పక్కకి నడుస్తుంది.

షాపు మీద నమ్మకం లేకపోతే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు, నేను ఇప్పటికీ అలాగే చెక్ చేసుకుంటా. తాపీ మేస్త్రీలు వాడే నైలాన్ దారం, నాలుగు స్టాండ్లు. బండికి రెండు పక్కలా చక్రాల మధ్య ఎత్తులో దారం లాగి కట్టు, ముందు హబ్బుల నించి దారానికి దూరం రెండు పక్కలా ఒకటే ఉండాలి, వెనక హబ్బులకీ అలాగే, ముందు వెనక ట్రాక్ తేడా ఉంటది కాబట్టి ముందుకీ వెనక్కీ ఒకటే రానక్కర్లేదు. తర్వాత స్టీరింగ్ తిన్నగా పెట్టి, రిమ్ము ముందు అంచు నించి దారానికి, వెనక అంచు నించి దారానికి స్టీల్ స్కేలుతో కొలువు. నీ రిమ్ముకి 1 మి.మీ. తేడా అంటే దాదాపు 0.13 డిగ్రీ. ముందు అంచు దారానికి దగ్గరైతే టో అవుట్. క్యాంబర్‌కి తూకం గుండు చాలు, రిమ్ము పై అంచుకీ కింది అంచుకీ 7.5 మి.మీ. తేడా వస్తే ఒక డిగ్రీ. నేల చదునుగా ఉందో లేదో ముందు రసమట్టం పెట్టి చూసుకో, ఇక్కడే అందరూ బోల్తా కొడతారు.

చట్టం సంగతి కూడా తెలుసుకునే దిగు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా రాశారు, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. క్యాంబర్ బోల్ట్ ఎవరికీ కనబడదు, కానీ దించిన స్ప్రింగ్ కనబడుద్ది, యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి ఇంకా బాగా కనబడుద్ది.

ప్రింట్ తీసుకున్నాక టో, క్యాంబర్, క్యాస్టర్ ఎడమ కుడి విడివిడిగా నెంబర్లు పెట్టు. దాంతో పాటు చక్రాలు నేల మీదుండగా కింద నించి రెండు ఆర్మ్‌లకీ టై రాడ్లకీ ఫొటోలు తియ్యి, పక్క నించి కాదు, బంపర్ కింద నించి ఎదురుగా, రెండిటి కోణం పోల్చడానికి. అవి చూస్తే రోల్ సెంటర్ కిట్ నిజంగా అవసరమా కాదా చెప్పేస్తా.